ఎదురెళ్ళి తెచ్చుకున్న ముసలితనం

పోయిన వారం ఉర్లా వెళ్ళే మినీబస్సులో ఒక కాలేజీ అమ్మాయి నన్ను చూసి చటుక్కున లేచి నిలబడింది. "దాదీజీ, బైఠియే" అంది. దాదీ అంటే నానమ్మ. నాకింకా నలభై ఆరు నిండలేదు. నా వెనక ఎవరైనా పెద్దావిడ ఉందేమోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు. ఆ మాట నన్నే.

కూర్చున్నాను గానీ, ఆ ఇరవై నిమిషాలూ ముళ్ళ మీద కూర్చున్నట్టే ఉంది. తలకి రంగు వేసుకోవడం మానేసి ఆర్నెల్లయింది. దాని ఫలితం ఇంత తొందరగా కనబడుతుందనుకోలేదు. ఫ్యాక్టరీ గేటు దగ్గర దిగి, ఆఫీసు గదిలోకి వచ్చి ఫైళ్ళు తీస్తుంటే అప్పుడు గుర్తొచ్చింది, చిన్నప్పటి మా పక్కింటావిడ. నాలో నేను నవ్వుకున్నాను. అదే మాట ఆవిణ్ణి అని ఉంటే ఆ పిల్లని తేలిగ్గా వదిలేదా? ఊరూ పేరూ కనుక్కుని, బుగ్గలు పుణికి, బస్సులో ఉన్న వాళ్ళందరికీ "విన్నారా, నన్ను దాదీ అంది" అని చెప్పి ఉండేది.

మాది రాయపూరులో డబ్ల్యూఆర్ఎస్ కాలనీ. రైలు వేగన్లు బాగుచేసే వర్క్‌షాపులో పనిచేసేవాళ్ళ క్వార్టర్లు. మా లైనులో సగం ఇళ్ళు శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్ళవి. మా నాన్న ఫిట్టరు. గోడ అవతల క్వార్టరు ఆవిడది. ఆవిడ భర్త పెయింటు షాపులో పనిచేసేవాడు. పాత వేగన్లకి రంగులు వేసి నంబర్లు రాసేవాడు.

ఆవిడకి ముప్పై ఎనిమిదో ఏట రొమ్ముకి కేన్సరు వచ్చింది. అప్పుడు నాకు ఆరేళ్ళు. ఆ జబ్బు పేరు మా లైనులో ఎవరూ నోటితో అనేవారు కాదు. "ఆ జబ్బు" అనేవారు, అదీ గొంతు తగ్గించి. ఆవిణ్ణి నాగపూరు తీసుకెళ్ళి ఆపరేషను చేయించారు, తర్వాత కరెంటు పెట్టించారు, అంటే రేడియేషను. మూడు నెలల తర్వాత తిరిగొచ్చింది. రిక్షా దిగుతున్న మనిషిని చూసి మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంత చిక్కిపోయింది.

నేను దగ్గరికెళ్ళి "పిన్నీ" అన్నాను. అప్పటిదాకా అలాగే పిలిచేదాన్ని.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "పిన్ని కాదే అమ్మీ. ఇకనించి మామ్మ అను" అంది.

"మామ్మ అంటే ముసల్ది కదా" అన్నాను.

"అదే. అలగే పిలు. నాను ముసల్దాన్నవ్వాలి. ఇప్పట్నించే అలవాటు చేసుకుందారి."

అలా ముప్పై ఎనిమిదేళ్ళకి ఆవిడ మా లైనందరికీ మామ్మ అయిపోయింది. చిక్కల్లా ఆవిడ భర్తకి వచ్చింది. ఆవిడ మామ్మయితే ఆయన తాతయ్య కావాలి కదా. మీసాలు మెలేసుకుని సైకిలెక్కుతున్న మనిషిని పిల్లలు "తాతయ్యా, టాటా" అంటుంటే ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కేది. "నీ ముసలితనం ఏదో నువ్వు పడు, మధ్యలో నన్నెందుకు లాగుతావు?" అనేవాడు. "పోనిద్దూ, నాను ముసల్దాన్నయితే నువ్వు పడుచోడిగా ఉండిపోతావేటి? మళ్ళీ పెళ్ళి చేసుకుంటావేటి?" అనేది ఆవిడ. ఆయన సైకిలు బెల్లు గట్టిగా కొట్టుకుంటూ వెళ్ళిపోయేవాడు.

వేరేవాళ్ళు దాచుకునేవన్నీ ఆవిడ చూపించుకునేది. నుదుటి మీద మొదటి తెల్లవెంట్రుకలు వచ్చినప్పుడు, అవి బాగా కనబడేలా పాపిడి పక్కకి మార్చింది. లైను చివరి ఇంటావిడ జాలిపడి రంగు పొట్లం ఒకటి తెచ్చిస్తే, "రంగెయ్యడానికి నానేటి వేగన్నా? మా ఆయన రోజూ ముసలి వేగన్లకి రంగేసి కొత్తవని పంపించీస్తన్నాడు. సాల్దేటి ఆ మోసం?" అంది. చత్వారం వచ్చి కళ్ళద్దాలు తెచ్చుకున్నాక అవసరం ఉన్నా లేకపోయినా ముక్కు మీదే ఉండేవి. బియ్యంలో రాళ్ళేరడానికి పెట్టుకునేది, సరే. పాట వినడానికి కూడా పెట్టుకునేది.

ఇదంతా చదివి ఆవిడ మహాత్మురాలు అనుకోకండి. ముసలితనాన్ని వాడుకోవడం కూడా ఆవిడకి బాగా తెలుసు. కిరసనాయిలు లైనులో నలభై అయిదేళ్ళ మనిషి నడుం మీద చెయ్యేసుకుని, "అరే బేటా, బుఢియా కో జానే దో", ముసల్దాన్ని పోనీ బాబూ, అని మూలుగుతూ ముందుకెళ్ళిపోయేది. డబ్బా నిండగానే అదే మనిషి గబగబా నడిచి వచ్చేసేది. మా అమ్మ సిగ్గుతో చచ్చిపోయేది. కుళాయి దగ్గర పోట్లాట వస్తే ఎవరికీ తగ్గేది కాదు. అవతలివాళ్ళది న్యాయమని తేలిపోయాక మాత్రం, "పెద్దదాన్ని, నా మీద అరుస్తారేటి?" అనేది.

ఒకరోజు కూరలమ్మే ఛత్తీస్‌గఢీ అమ్మాయి గంపతో వచ్చి, "లే న డోకరీ దాయీ, లాల్ భాజీ తాజా హే" అంది. డోకరీ అంటే వాళ్ళ భాషలో ముసలమ్మ. లాల్ భాజీ అంటే ఎర్ర తోటకూర. మామ్మ ఆగిపోయింది. "కా కహే? ఫేర్ బోల్" అంది. ఏమన్నావు, మళ్ళీ అను అని. ఆ అమ్మాయి భయపడిపోయి, "గలతీ హోగే దాయీ", తప్పయిపోయింది అంటూ గంప ఎత్తుకోబోయింది. మామ్మ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "గలతీ కాదే తల్లీ. మావోళ్ళు నా పోరు పడలేక మామ్మ అంటన్నారు. నువ్వు నన్ను సూసి అన్నావు" అని తెలుగులోనే చెప్పింది. ఆ అమ్మాయికి మాట అర్థం కాలేదు గానీ, మొహం చూసి అర్థమైంది. ఆ పూట గంపలో కూరంతా మామ్మే తీసుకుంది. మూడ్రోజులు వాళ్ళింట్లో ఎర్ర తోటకూరే. తాతయ్యగారు వంక పెట్టకుండా తిన్నారు. అప్పటికి ఆయన కూడా లొంగిపోయారు.

ఆపరేషను జరిగిన వైపు చెయ్యి ఎప్పుడూ వాచి ఉండేది. గాజులావిడ వస్తే కుడిచేతికి ఒక సైజు, ఎడంచేతికి ఇంకో సైజు తీసుకునేది. "అక్కా చెల్లెళ్ళు. ఒకతె బాగా తింటాది" అని చేతులు పక్కపక్కన పెట్టి చూపించేది. ఇక కోసేసిన చోట పెట్టుకోవడానికి తనే గుడ్డసంచీ కుట్టుకుంది. మొదట దూది కూరింది. అది తేలికై, నీళ్ళ బిందె ఎత్తగానే భుజం మీదికి ఎక్కి కూర్చునేదట. తర్వాత ఆవాలు పోసి కుట్టింది. బరువు సరిపోయింది. ఒక వానాకాలం అది తడిస్తే కిటికీలో పడేసి మర్చిపోయింది. మూడోనాడు చూస్తే పచ్చగా మొలకలు. కుళాయి దగ్గర ఆడవాళ్ళ మధ్య ఆ సంచీ ఎత్తిపట్టుకుని, "డాక్టరు కోసీసిన కాడ మళ్ళీ మొలిచీసిందర్రా!" అంది. అందరూ బిందెలు వదిలేసి నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో నాకు తెలిసేసరికి ఇంకో నాలుగేళ్ళు పట్టింది.

అయినా ఆవిడకి భయం లేదనుకోను. ఏడాదికొకసారి నాగపూరులో చూపించుకోవాలి. ఆ ప్రయాణానికి రెండ్రోజుల ముందు నుంచి ఇంట్లో గొంతు వినిపించేది కాదు. తోమిన గిన్నెలే మళ్ళీ తోమేది. పిల్లలు పలకరిస్తే కసిరేది. మా అమ్మని పిలిచి ఏ డబ్బాలో ఏముందో, కొడుకు స్కూలు కాగితాలు ఎక్కడున్నాయో చూపించేది. మా అమ్మ "అలాగే వదినా" అని తలూపేది.

నాలుగోరోజు పొద్దున్న స్టేషను నుంచి రిక్షా మా లైను మొదట్లోకి రాగానే అరుపు వినబడేది. "ఇంకో ఏడాది ఇచ్చీసేరు!" పొయ్యి మీద ఏమున్నా వదిలేసి ఆడవాళ్ళు బయటికి వచ్చేవారు. వాళ్ళాయన రిక్షాలో పక్కన కూర్చుని, తనకేం సంబంధం లేనట్టు ఇంకోవైపు చూసేవాడు. ఆయన కళ్ళు మాత్రం తుడుచుకుంటూ ఉండడం నేను చూశాను.

నాకు పంతొమ్మిదో ఏడు నడుస్తోంది. ఒక మధ్యాహ్నం అమ్మ పెరట్లో బట్టలారేస్తోంది. గోడ మీంచి మామ్మ చూస్తోంది.

"ఏటే, ఒక్క చేత్తోనే ఆరేస్తన్నావు?"

"భుజం పట్టేసింది వదినా."

"ఎన్నాళ్ళయింది?"

"మొన్ననే."

మర్నాడు నాన్న పనికి వెళ్ళాక మామ్మ మా ఇంటికి వచ్చి, వీధి తలుపు వేసేసి, వంటింట్లో అమ్మ ఎదురుగా చతికిలబడింది. నేను గుమ్మం దగ్గర కూరలు తరుగుతున్నాను. నన్ను లేచి వెళ్ళమనలేదు.

"భుజం కాదు. ఎక్కడో సెప్పు."

అమ్మ తల వంచుకుంది. "చిన్న గడ్డ. నొప్పి లేదు. అదే పోతుందని..." అంది.

"ఎన్నాళ్ళు?"

"నాలుగు నెలలు."

కత్తిపీట మీద నా చెయ్యి ఆగిపోయింది. నాలుగు నెలలు మా పక్కనే పడుకుని, మాకే వండిపెడుతూ, అమ్మ ఈ మాట మింగేసింది.

"మీ ఆయనకి తెలుసా?"

"తెలీదు. చెప్పకు వదినా, నీకు దణ్ణం పెడతాను. పిల్లకి సంబంధం చూస్తున్నాం. ఇలాంటిదుందని తెలిస్తే దాన్నెవరు చేసుకుంటారు? పెళ్ళయిపోతే అప్పుడు చూపించుకుంటాను."

"పిల్ల పెళ్ళికి తల్లి ఉండొద్దేటి?" అంది మామ్మ.

అమ్మ ఏడ్చింది. "నాకు భయం వదినా. కోసేస్తారు. ఆ కోత తలుచుకుంటేనే..." అని మోకాళ్ళలో మొహం దాచుకుంది.

అప్పుడు మామ్మ కొంగు తీసి, జాకెట్టు హుక్కులు విప్పింది. ఆవాల సంచీ తీసి పక్కన పెట్టింది. ఆవిడ అన్నేళ్ళు నవ్వించిన సంగతిని నేను మొదటిసారి కళ్ళారా చూశాను. ఒక వైపు చదునుగా, పక్కటెముకలు తెలిసేలా, చంక నుంచి కిందికి కుట్లు వేసిన పొడుగాటి గీత. చుట్టూ చర్మం కమిలి బిగుసుకుని ఉంది.

"సూడు. కళ్ళు మూసుకోకు. ఇదేనా నీ భయం?" అని అమ్మ చెయ్యి తీసుకుని ఆ గీత మీద పెట్టుకుంది. "ఇది సావు కాదే. కుట్టుపని. సావు నాకూ తెలుసు, పక్క మంచం మీద సూసేను."

అమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. వేళ్ళతో ఆ గీత పొడుగునా నెమ్మదిగా తడిమింది. "నొప్పిగా ఉంటుందా?" అంది చిన్నపిల్లలా.

"వాన ముందు లాగుతాది. ఆరేసిన వడియాలు లోపలెట్టుకోడానికి పనికొస్తాది" అంది మామ్మ, హుక్కులు పెట్టుకుంటూ.

ఆ సాయంత్రం నాన్నకి ఆవిడే చెప్పింది. రెండోరోజుకే ప్రయాణం. తన చెకప్పుకి ఇంకా మూడు నెలలు ఉన్నా, తాతయ్యగారి చేత ముందే పాసు రాయించుకుని మాతో బయల్దేరింది. రైల్లో అమ్మ కిటికీ పక్కన కళ్ళు మూసుకుని ఉంది. నాన్న చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఉత్త టిఫిను డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు నేను మామ్మని అడిగాను, పక్క మంచం మీద ఎవరున్నారని.

"మరాఠీ పిల్ల. ఇరవయ్యేళ్ళు. నాకు తల దువ్వేది. నాను చెయ్యెత్తలేను కదా" అంది. "ఒకరోజు పొద్దున్న లెగిసి చూస్తే పరుపు చుట్టీసి ఉంది. అడిగితే నర్సమ్మ మాటాడలేదు. ఆ రోజు లెక్కేసుకున్నానమ్మా. ఆ పిల్లకంటే నాకు పద్దెనిమిదేళ్ళు ఎక్కువిచ్చీసేడు దేవుడు. అప్పటికే ఇచ్చీసేడు! ఇంకా ఇస్తానంటే తెల్లెంట్రుకలని, పళ్ళూడిపోయాయని వంకలెడతానేటి?"

రైలు ఏదో స్టేషను దాటింది. ఆవిడ మళ్ళీ అంది: "వయసు మీద పడిపోయిందంటారు అందరూ. నా మీద పడలేదే. నానే ఎదురెళ్ళి ఎత్తుకున్నాను."

పరీక్ష చేశాక ఆ జబ్బేనని తేలింది. కానీ చిన్నదిగా ఉండగానే వచ్చారన్నారు. ఆపరేషనుకి ముందురోజు పొద్దున్న వార్డులోకి పెద్ద డాక్టరుగారు వచ్చారు. మామ్మకి ఆపరేషను చేసింది ఆయనే. ఆరడుగుల మనిషి, వెనక నలుగురు చిన్న డాక్టర్లు. అమ్మ మూడ్రోజులుగా ఎవరితోనూ మాట్లాడ్డం లేదు. డాక్టరుగారు మంచం దగ్గరికి రాగానే దుప్పటి మెడదాకా లాక్కుంది.

మామ్మ స్టూలు మీంచి లేచింది. ఆయన్ని కింద నుంచి పైదాకా చూసి, రెండు చేతులూ జోడించి, వార్డంతా వినబడేలా అంది: "డాక్టర్ సాబ్! ఆప్ భీ బుఢ్ఢే హో గయే! బధాయీ హో!"

మీరూ ముసలివాళ్ళయిపోయారు, అభినందనలు! చిన్న డాక్టర్లు బిక్కచచ్చిపోయారు. నర్సు చేతిలో కాగితాల అట్ట అలాగే ఉండిపోయింది. డాక్టరుగారు ఒక్క క్షణం ఆగి, తల తడుముకున్నారు. "సబ్ సఫేద్?" అని అడిగారు. అన్నీ తెల్లబడ్డాయా అని.

"ఏక్ భీ కాలా నహీఁ. నన్ను దాటిపోయేరు" అంది మామ్మ, ఒక్క నల్లదీ మిగల్లేదని, సగం హిందీ, సగం తెలుగు.

ఆయన పెద్దగా నవ్వారు. అమ్మ వైపు తిరిగి హిందీలో, "ఈవిడకి పన్నెండేళ్ళ కిందట ఆపరేషను చేసినప్పుడు నాకు ఒక్క తెల్లవెంట్రుక లేదమ్మా. ఇలా ప్రతి ఏడాదీ వచ్చి నన్ను ముసలివాణ్ణి చేసింది" అన్నారు. దుప్పటి కింద నుంచి ఒక చప్పుడు వచ్చింది. ఏడుస్తోందనుకుని నేను వంగి చూశాను. అమ్మ నవ్వుతోంది. నవ్వు ఆపుకోలేక దుప్పటి పళ్ళతో కరిచిపట్టుకుంది.

అమ్మ బాగుపడింది. నా పెళ్ళికి దగ్గరుండి తలంబ్రాలు కలిపింది. సంబంధం వాళ్ళకి ఆ జబ్బు సంగతి ముందే చెప్పమని మామ్మ పట్టుబట్టింది. ఒక సంబంధం పోయింది కూడా. రెండోది నిలబడింది. మా ఆయనకి ఈ ఊళ్ళోనే ఉద్యోగం. కాబట్టి నేను రాయపూరు దాటి ఎక్కడికీ వెళ్ళలేదు, వీళ్ళిద్దరూ ముసలివాళ్ళవడం దగ్గర నుంచే చూశాను. పెరటి గోడకి చెరోవైపు మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకునేవారు. నొప్పి గురించి చెప్పుకుంటున్నారనిపించేది కాదు, కొత్త చీరల గురించి అనిపించేది. "నాకు కుడిది కూడా మొదలెట్టిందే" అని మామ్మ అంటే, "అబ్బో, నాకింకా ఎడమదే" అనేది అమ్మ, కొంచెం వెనకబడ్డట్టు.

తాతయ్యగారు రిటైరై, మరో పదేళ్ళు బతికి పోయారు. కొడుక్కి వర్క్‌షాపులోనే ఉద్యోగం కావడంతో మామ్మ అదే లైనులో ఉండిపోయింది, మా తమ్ముడికీ అక్కడే రావడంతో అమ్మ కూడా. డెబ్భై దాటాక పళ్ళన్నీ పోయాయి. కట్టుడుపళ్ళు చేయిస్తానని కొడుకంటే ఒప్పుకోలేదు. "ఉన్నన్నాళ్ళూ నమిలేను. ఇప్పుడు చప్పరించడంలో రుచి వేరు" అంది. చెవులు మందగించాయి. దానికీ సంతోషమే. కోడలు ఏమంటోందో వినబడదు కాబట్టి, మంచి మాటే అంటోందనుకుని నవ్వేదట. కోడలు చెప్పిందిది, నవ్వుతూనే, కళ్ళనీళ్ళతో.

రెండేళ్ళ కిందట చలికాలంలో మామ్మ పోయింది. డెబ్భై ఆరేళ్ళు. ముందురోజు అమ్మ, నేను చూడ్డానికి వెళ్ళాం. జ్వరం కూడా లేదు. అన్నం తినడం తగ్గిపోయిందంతే. మంచం మీద చిన్నపిల్లలా ముడుచుకుని ఉంది. అమ్మ గంజి తాగించింది. మామ్మ రెండు గుటకలు మింగి, వాచిన చేత్తో అమ్మ తెల్లజుట్టు నిమిరి, "బాగా పండిందే" అంది. మర్నాడు మధ్యాహ్నం, కోడలు బట్టలు మడతపెడుతూ ఉండగా, ఊపిరి ఆగిపోయింది.

పదిహేను రోజుల తర్వాత ఆవిడ కొడుకు మా అమ్మ దగ్గరికి ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. "అక్కా, మున్సిపాలిటీలో ఇవ్వాలంట. హిందీలో నింపాలి. ఆఫీసు పని చేస్తావు కదా, కొంచెం చూడు" అన్నాడు నాతో. దానికి డాక్టరు రాసిచ్చిన చీటీ పిన్ను చేసి ఉంది. పేరు, వయసు, భర్త పేరు నింపుకుంటూ వస్తూ, మరణ కారణం అన్న చోట ఆగాను. చీటీలో డాక్టరు ఏం రాశాడో చూశాను.

"ఏం రాశారు?" అంది అమ్మ.

"వృద్ధావస్థ."

"అంటే?"

"ముసలితనం అమ్మా. ముసలితనం వల్ల పోయిందని."

అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుంది. తనకి హిందీ చదవడం రాదు. అయినా చీటీ నా చేతిలోంచి తీసుకుని ఆ గీతల్నే చూసింది. "ఆ జబ్బు పేరు లేదా ఎక్కడా?"

"లేదమ్మా. ఎక్కడా లేదు."

"మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాను. అమ్మ ఆ చీటీ మడవకుండా రెండు చేతులతో పట్టుకుని లేచింది. మోకాలు పట్టుకుని, గుమ్మం పట్టుకుని, చెప్పులు వేసుకుంది. ఎక్కడికని అడిగితే, "మనవాళ్ళందరికీ చెప్పొద్దూ" అంది. లైను మొదటి ఇంటి తలుపు కొట్టి, వాళ్ళు తీసేదాకా కూడా ఆగకుండా చెప్పడం మొదలుపెట్టింది.